పాత కంప్యూటర్ మీద విమానయానం: రిచీ స్ట్రీట్ చరిత్రలో ఒక అధ్యాయం

చెన్నైలో పాతతరం వారు మౌంట్ రోడ్డు అనీ, ఈ తరం వారు అణ్ణా సాలై అనీ పిలిచే రాజమార్గానికీ చింతాద్రిపేటకూ నడుమ ఇరుకుగా సాగే రిచీ స్ట్రీట్, దాన్ని అంటిపెట్టుకున్న నరసింగపురం వీధి, వాలర్స్ రోడ్డు, మీరాన్ సాహెబ్ వీధి కలిసి దక్షిణ భారతదేశంలో ఎలక్ట్రానిక్ సామగ్రికి ప్రధానమైన అంగడిగా రూపొందాయి. దేశం మొత్తం మీద ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ తరువాత చెప్పుకోదగినది ఇదేనన్న పేరు కూడా ఉంది. ఈ అంగడి చరిత్రను రేడియోల చరిత్రగానో, టెలివిజన్ల చరిత్రగానో, చౌకగా కూర్చిన కంప్యూటర్ల చరిత్రగానో చెప్పడం ఆనవాయితీ. అయితే యంత్రాలు చేతులు మారిన కథకు జంటగా, ఆ యంత్రాల శక్తి ఎంతవరకో తెలుసుకుని ఆ మేరలోనే వాటిచేత ఎక్కువ పని చేయించిన విద్య కథ కూడా ఒకటి ఉంది. ఆ విద్యను అన్నిటికంటె కఠినంగా పరీక్షించిన ప్రోగ్రాము విమాన సిమ్యులేటర్. అంటే విమానం గాలిలో ఎలా ప్రవర్తిస్తుందో గణించి, పైలట్‌కు కనిపించే పరికరాలనూ బయటి దృశ్యాన్నీ తెర మీద చూపే ప్రోగ్రాము. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద దాన్ని సాఫీగా నడిపించడం ఎలా అన్న ప్రశ్న నాలుగు దశాబ్దాలుగా మళ్ళీ మళ్ళీ తలెత్తుతూ, ప్రతిసారీ కొత్త జవాబును కోరుతూ వచ్చింది.

సిమ్యులేటర్ మిగిలిన ప్రోగ్రాముల కంటె ఎందుకు బరువైనదో మొదట గ్రహించాలి. ఉత్తరం టైపు చేసే ప్రోగ్రాము మనిషి మీట నొక్కేదాకా ఊరికే కూర్చుంటుంది. సిమ్యులేటర్‌కు అటువంటి విశ్రాంతి లేదు. రెక్కల మీద లేచే ఉత్థాపక బలం, గాలి నిరోధం, బరువు, ఇంజను ఈడ్పు అనే నాలుగింటినీ అది క్షణక్షణం తిరిగి లెక్కకట్టాలి. విమానం ఏ దిశకు ఎంత ఒరిగిందో తేల్చాలి. ఆ స్థానం నుంచి కనిపించే నేలనూ మబ్బులనూ కట్టడాలనూ మళ్ళీ మొదటినుంచి గీయాలి. ఇలా ఒక సెకనులో గీయగలిగిన బొమ్మల సంఖ్యనే ఫ్రేమ్ రేటు అంటారు. అది 25, 30 దగ్గర నిలకడగా ఉంటే కంటికి చలనం సాఫీగా తోస్తుంది. పది పన్నెండుకు పడిపోతే తెర మీది విమానం చేతి కదలికకు ఆలస్యంగా స్పందించి, రన్‌వే మీద దించే వేళకు పూర్తిగా అదుపు తప్పుతుంది. కనుక సిమ్యులేటర్ విషయంలో వేగం కేవలం సుఖానికి సంబంధించినది కాదు, అది లేకపోతే విమానం నడపడమన్న పనే సాగదు.

ఈ ఆసక్తికి మద్రాసు నేల ముందే సిద్ధమై ఉంది. మౌంట్ రోడ్డులో హోటల్ నడిపిన కోర్సికా ద్వీపానికి చెందిన జాకొమో డాంజెలిస్ తాను రూపొందించిన విమానాన్ని అదే రోడ్డులోని సింప్సన్ కంపెనీ వారిచేత తయారు చేయించి, 1910లో పల్లావరంలో ఎగరవేశాడు. గుర్రపు బండ్లు కట్టే కార్ఖానాలో విమానం తయారైందన్న ఈ సంగతి నగరంలోని చేతిపని నైపుణ్యానికి గొప్ప నిదర్శనం, ఆ కార్ఖానా నేటి రిచీ స్ట్రీట్‌కు నడిచి వెళ్ళగలిగినంత దగ్గరలోనే ఉండటం విశేషం. 1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తెచ్చిన టపాను నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చడంతో దేశంలో క్రమబద్ధమైన వాయు టపా సేవకు ఈ నగరం దక్షిణపు కొస అయింది. 1949లో క్రోంపేటలో మొదలైన మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విమాన ఇంజనీరింగును పాఠ్యాంశంగా నేర్పింది. అబ్దుల్ కలాం చదివింది అక్కడే. వైమానిక దళంలో శిక్షకులకే శిక్షణ ఇచ్చే పాఠశాల 1954లో తాంబరానికి వచ్చింది. విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం, పల్లావరం, క్రోంపేట, తాంబరం వరుసగా ఒకే రైలు మార్గం మీద ఉన్నందున, దక్షిణ మద్రాసులో పెరిగిన పిల్లలకు తల ఎత్తితే విమానం కనిపించడం నిత్యానుభవం. విమానం నడపాలన్న కోరిక ఉన్నవారు ఎందరో, ఆ శిక్షణకు డబ్బు కట్టగలిగినవారు అతి కొద్దిమంది. ఆ రెండింటి నడుమ ఉన్న దూరమే ఇంటి సిమ్యులేటర్‌కు చోటిచ్చింది.

శిక్షణకు నిజమైన విమానం బదులు యంత్రాన్ని వాడటం కంప్యూటర్‌తో మొదలైనది కాదు. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ ఊరిలో ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కుటుంబానికి చెందిన ఎడ్విన్ లింక్, ఆ వాద్యాలలో గాలిని నడిపే తిత్తులనే వాడి 1929లో ఒక శిక్షణ యంత్రాన్ని నిర్మించాడు. పొట్టి రెక్కలతో బొమ్మ విమానంలా కనిపించే ఆ పెట్టెలో శిక్షణార్థి కూర్చున్నాక పైన మూత వేసేవారు. బయట ఏమీ కనిపించదు, ఎదుట ఉన్న పరికరాలను మాత్రమే నమ్ముకుని దిశనూ ఎత్తునూ నిలుపుకోవాలి. 1934లో అమెరికా సైన్యం టపా మోసే బాధ్యత తీసుకుని, చెడు వాతావరణంలో వరుసగా పైలట్లను పోగొట్టుకున్న తరువాత ఈ యంత్రం విలువ గుర్తించి కొనుగోలు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల పైలట్లు లక్షల సంఖ్యలో దీని మీదనే పరికరాల ఆధారంగా ఎగరడం నేర్చుకున్నారు. తరువాతి కాలంలో కంప్యూటర్‌తో నడిచే భారీ సిమ్యులేటర్లు వచ్చాయి; ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన కేంద్ర శిక్షణ సంస్థను హైదరాబాదులో నెలకొల్పి అటువంటి యంత్రాలతో తన పైలట్లను తయారు చేసుకుంది. దృశ్యం ఏమాత్రం లేని శిక్షణ యంత్రం లక్షల పైలట్లను తయారు చేసిందన్న వాస్తవం ఈ వ్యాస విషయానికి మూలమైనది, దాని అవసరం ముందుముందు కనిపిస్తుంది.

ఇంటి కంప్యూటర్ మీదికి విమానాన్ని తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1975లో సమర్పించిన పరిశోధన వ్యాసంలో, చిన్న కంప్యూటర్ కూడా ఎగురుతున్న విమానం నుంచి కనిపించే దృశ్యాన్ని గీయగలదని అతడు నిరూపించాడు. అతడి సంస్థ సబ్‌లాజిక్ ఆపిల్ టూ యంత్రానికి తయారుచేసిన సిమ్యులేటర్‌లో నేల అంటే కొన్ని గీతలు, కొండ అంటే కొన్ని త్రికోణాలు మాత్రమే. 1982 నవంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ దాని కొత్త రూపాన్ని ఐబీఎం పీసీకి విడుదల చేసింది. 4.77 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 కిలోబైట్ల జ్ఞాపకశక్తి దానికి సరిపోయేవి. ఆ కాలపు మొదటి కూర్పులు డాస్ వంటి నిర్వాహక వ్యవస్థను పక్కకు నెట్టి, ఫ్లాపీ డిస్కు నుంచి తామే నేరుగా యంత్రాన్ని మేల్కొలిపి నడిచేవి. యంత్రంలోని ప్రతి మూలనూ నేరుగా తాకే ప్రోగ్రాము కావడం వల్ల, ఐబీఎం కాని సంస్థ తయారుచేసిన కంప్యూటర్ ఐబీఎం యంత్రానికి నిజంగా సరితూగుతుందా అని తేల్చడానికి పరిశ్రమలో రెండు ప్రోగ్రాములను వాడేవారు: ఒకటి లోటస్ అనే లెక్కల పట్టిక, రెండోది ఈ విమాన సిమ్యులేటర్. ఐబీఎం పీసీకి అనుకరణ యంత్రాలు అమ్మే వీధికి ఇంతకంటె తగిన గీటురాయి మరొకటి ఉండదు.

ఆ వీధికి అనుకరణ యంత్రాలు ఎలా వచ్చాయో చూడాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. పక్కనే ఉన్న చింతాద్రిపేట 1734లో ఈస్టిండియా కంపెనీ వారు నేతగాళ్ళ కోసం, కంపెనీకి ప్రధాన వర్తకుడిగా పనిచేసిన సుంకురామ తోట స్థలంలో కట్టించిన పేట. చేతిపని వారూ చిన్న వర్తకులూ పక్కపక్కనే బతకడం అక్కడ పాత అలవాటు. రిచీ స్ట్రీట్ కూడా రేడియో వాల్వులు, కాయిళ్ళు, స్పీకర్లు అమ్మే దుకాణాలతో పేరు తెచ్చుకుంది. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ ప్రసారాలు మొదలైన తరువాత టెలివిజన్ విడిభాగాలు, యాంటెన్నాలు, స్టెబిలైజర్లు ఆ దుకాణాల్లోకి చేరాయి. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. వాల్వు రేడియో మూగబోయినప్పుడు దాన్ని మొత్తంగా పారేసేవారు లేరు. మీటరు పట్టుకుని ఒక్కొక్క దశనూ పరీక్షిస్తూ, కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిందో కనిపెట్టి, ఆ ఒక్క భాగాన్ని మార్చేవారు. యంత్రం నెమ్మదించడానికి కారణం అంతటా ఉండదు, ఏదో ఒక చోట ఉంటుందన్న ఈ ఆలోచనా పద్ధతి కంప్యూటర్ల కాలానికి ఈ వీధి తెచ్చుకున్న అసలైన పెట్టుబడి.

1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ప్రకటించిన కంప్యూటర్ విధానం దిగుమతి నిబంధనలను సడలించడంతో విదేశీ భాగాలతో దేశంలో యంత్రాలు కూర్చడం తేలికయింది. మద్రాసుకు చెందిన స్టెర్లింగ్ కంప్యూటర్స్ అప్పటి ధరలను గట్టిగా తగ్గించి శివా పేరుతో పీసీని అమ్మి, పేరున్న సంస్థలను కలవరపెట్టింది. 1990ల నాటికి పేరున్న సంస్థ ముద్ర లేకుండా మదర్‌బోర్డు, ప్రాసెసర్, పెట్టె వేర్వేరుగా కొని బిగించే అసెంబుల్డ్ కంప్యూటర్ రిచీ స్ట్రీట్‌లో సాధారణ సరుకుగా మారింది. ఇలా కూర్చిన యంత్రానికి ఒక సుగుణం ఉంది: దాన్ని విప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక ఏడాది ర్యామ్, మరో ఏడాది హార్డ్ డిస్కు, ఇంకో ఏడాది కార్డు మారుస్తూ పోతే, ఒకే పెట్టెలో కొంత పాతదీ కొంత కొత్తదీ అయిన కంప్యూటర్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మధ్యతరగతి ఇళ్ళలో పాత కంప్యూటర్ అనేది చాలావరకు ఇటువంటిదే. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లోని కంప్యూటర్ దుకాణదారులకు హైదరాబాదు కంటె చెన్నై చేరువ కావడం వల్ల, ఉదయం రైల్లో వచ్చి సరుకు కొని రాత్రికి తిరిగి వెళ్ళే వీలు ఉండేది. తెలంగాణ వారికి సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎటువంటిదో, దక్షిణాంధ్రకు రిచీ స్ట్రీట్ అటువంటిది.

డాస్ కాలంలో పాత యంత్రానికి వేగం తేవడమంటే ప్రధానంగా జ్ఞాపకశక్తిని సర్దుకోవడమే. యంత్రంలో ఎన్ని మెగాబైట్లు ఉన్నా ప్రోగ్రాములకు మొదటి 640 కిలోబైట్లే సంప్రదాయ జ్ఞాపకశక్తిగా దక్కేవి. మౌస్, సీడీ డ్రైవు, సౌండ్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు అందులోనే కాపురం పెడితే సిమ్యులేటర్‌కు చోటు చాలేది కాదు. కాన్ఫిగ్ డాట్ సిస్, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ అనే ప్రారంభ ఫైళ్ళను దిద్ది, కొన్నిటిని పై జ్ఞాపకశక్తిలోకి తోసి, కొన్నిటిని పూర్తిగా తొలగించి, ఒక్కొక్క కిలోబైటును విడిపించేవారు. 1993లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ అయిదో కూర్పు నేల మీద మొదటిసారి చిత్రపటాల వంటి ఉపరితలాలను పరిచింది. అప్పటిదాకా ఒకే రంగుతో నింపిన పలకలతో సరిపెట్టుకున్న 386 ప్రాసెసర్లు ఆ బరువు కింద కుంగిపోయాయి. కొత్త కూర్పు విడుదలైనప్పుడల్లా నిన్నటి మంచి యంత్రం పాతదయ్యే క్రమం ఇక్కడ స్పష్టంగా మొదలయింది.

1997లో విడుదలైన ఫ్లైట్ సిమ్యులేటర్ 98 త్రిమితీయ గ్రాఫిక్స్ కార్డులను ఉపయోగించుకోగలిగింది. గ్రాఫిక్స్ కార్డు అంటే త్రికోణాలను గీసి, వాటి మీద రంగులూ చిత్రాలూ అతికే పనిని ప్రాసెసర్ నుంచి తీసుకుని తానే చేసే ప్రత్యేకమైన కార్డు. అదే ఏడాది భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, కంప్యూటర్ భాగాల మీద సుంకాలను 2005 నాటికి సున్నాకు తెచ్చే దారి పట్టడం వల్ల ఈ కార్డులు క్రమంగా అందుబాటు ధరకు దిగాయి. 2003లో విమానయాన శతాబ్దిని పురస్కరించుకుని నాలుగు సీడీల మీద వచ్చిన 2004 కూర్పు, రైట్ సోదరుల 1903 నాటి యంత్రం మొదలుకొని జెట్ విమానాల దాకా నడపనిచ్చేది. దాదాపు 24 వేల విమానాశ్రయాలలో మీనంబాక్కం కూడా ఉండటంతో చెన్నైవాసి తన ఊరి రన్‌వే నుంచి లేచి హైదరాబాదు బేగంపేటలో దిగగలిగాడు. దానికి అవసరమని ప్రకటించినది 450 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 8 మెగాబైట్ల గ్రాఫిక్స్ కార్డు మాత్రమే. మదర్‌బోర్డులోనే ఇమిడిన బలహీనమైన చిత్ర వ్యవస్థ గల యంత్రానికి ఒక మామూలు జీఫోర్స్ కార్డు తగిలిస్తే ఆ కూర్పు హాయిగా నడిచేది. పాత కంప్యూటర్‌కు ఒకే ఒక్క భాగంతో కొత్త ప్రాణం పోసిన సందర్భాలలో దీనికి సాటి వచ్చేది అరుదు. ఆ రోజుల్లో సిమ్యులేటర్ చాలా ఇళ్ళకు చేరింది అసలు పెట్టెతో కాదు, బర్మా బజారు వంటి చోట్ల నామమాత్రపు ఖరీదుకు దొరికే నకలు సీడీలతో అన్న మాటను దాచవలసిన పని లేదు. అసలు ధర అందుబాటులో లేని చోట అది జరిగింది, అయినా ప్రోగ్రాము రాసినవారికి దక్కవలసినది దక్కకపోవడం నష్టమే.

2006 అక్టోబరులో రెండు డీవీడీల మీద వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ టెన్, వాడుకలో ఎఫ్‌ఎస్‌ఎక్స్, ఈ చరిత్రలో అత్యంత ఆసక్తికరమైన ఘట్టం. ప్రకటించిన కనీస అవసరాలు చూస్తే 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్ చాలనిపిస్తుంది. వాస్తవంలో ఆనాటి అతి ఖరీదైన యంత్రం కూడా అన్ని హంగులనూ పూర్తిగా తెరిస్తే దాన్ని సాఫీగా నడపలేకపోయింది. దీని కారణం ప్రాసెసర్ల చరిత్రలో ఉంది. 2000లో పెంటియం 4 వచ్చినప్పుడు ఆ వంశం గడియార వేగం 10 గిగాహెర్ట్జ్ దాకా పెరుగుతుందని ఇంటెల్ ఆశించింది, ప్రోగ్రాములు రాసేవారూ అదే లెక్కన రేపటి యంత్రం కోసం రాశారు. కాని వేగం పెరిగే కొద్దీ వేడి భరించరానిదై, 2004లో 4 గిగాహెర్ట్జ్ చిప్‌ను విడుదల చేయకుండానే ఇంటెల్ విరమించుకుని, ఒకే చిప్‌లో రెండు, నాలుగు కోర్లు, అంటే గణన కేంద్రాలు, అమర్చే దారికి మళ్ళింది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ మాత్రం ఒకే కోర్ అతివేగంగా పరుగెత్తుతుందని నమ్మి కట్టిన ప్రోగ్రాము. ఊహించిన వేగం ఎన్నటికీ రాలేదు, వచ్చిన అదనపు కోర్లను వాడుకోవడం దానికి తెలియదు. 2007 మే నెలలో వచ్చిన మొదటి సవరణ ప్యాకేజీ నేల చిత్రాలను దించే పనిని ఇతర కోర్లకు పంచినా, విమాన గణనా దృశ్య నిర్వహణా చాలావరకు ఒక్క కోర్ మీదనే ఉండిపోయాయి. అందువల్ల ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొన్నవారు నిరాశపడ్డారు, తక్కువ కోర్లున్నా గడియార వేగం ఎక్కువగా ఉన్న ప్రాసెసర్ కొన్నవారు బాగుపడ్డారు. ఎడ్ల జతలో నెమ్మదిగా నడిచే ఎద్దే బండి వేగాన్ని నిర్ణయించినట్టు, కంప్యూటర్‌లో వెనుకబడిన భాగమే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. ఆ భాగం ఏదో తెలుసుకోకుండా డబ్బు ఖర్చుపెట్టడం వృథా అని ఎఫ్‌ఎస్‌ఎక్స్ ఒక తరం మొత్తానికి నేర్పింది.

ఇక్కడ చెన్నై వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2003 మే 31న నగరంలో 45 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. అంతటి రోజులు అరుదైనా, ఏసీ లేని గదిలో ఏడాదిలో అధికభాగం వేడి, ఉక్క తప్పవు, సముద్రపు ఉప్పుగాలి సరేసరి. పెంటియం 4, దాని తరువాతి చిప్‌లు వేడి హద్దు మీరగానే తమను తాము కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటాయి. పని తక్కువైన ప్రోగ్రాముల్లో ఈ తగ్గుదల బయటపడదు. గంటల తరబడి ప్రాసెసర్‌ను పూర్తిగా వాడే సిమ్యులేటర్‌లో అరగంట గడిచేసరికి ఫ్రేమ్ రేటు బాగా పడిపోవచ్చు. ఎంతోమంది కొత్త ప్రాసెసర్ కావాలని వచ్చినప్పుడు నిజంగా కావలసినది ఫ్యాను కింద పేరుకున్న దుమ్మును తుడిచి, ఎండి పెళుసైన థర్మల్ పేస్టును గీకి కొత్తది పూయడం. థర్మల్ పేస్టు అంటే చిప్‌కూ దాని మీది లోహపు దిమ్మెకూ నడుమ వేడిని దాటించే మెత్తని పూత. అలాగే 2000ల తొలినాళ్ళలో తయారైన ఎన్నో మదర్‌బోర్డుల మీది కెపాసిటర్లు నాసిరకం ద్రవం వల్ల ఉబ్బి, స్థిరమైన కరెంటు ఇవ్వలేక యంత్రాన్ని హఠాత్తుగా ఆపేసేవి. పాత రేడియోల కాలం నుంచి సాల్డరింగ్ చేయి తిరిగినవారు ఆ కొద్దిరూపాయల భాగాన్ని మార్చి బోర్డును నిలబెట్టగలిగేవారు. 2012లో విద్యుత్తు కొరత వల్ల నగరంలోనే రోజుకు రెండు గంటల కోత విధించిన రోజుల్లో, నిజమైన కాలంతో సమానంగా సాగే చెన్నై–ఢిల్లీ ప్రయాణాన్ని తెర మీద పూర్తి చేయాలంటే యూపీఎస్ బ్యాటరీ బలం కూడా సిమ్యులేటర్ వేగంలో భాగమే అయింది.

భాగాలు మార్చడానికి డబ్బు లేనప్పుడు మిగిలేది సెట్టింగులను దిద్దుకోవడం, ఇందులోనే అసలైన వివేచన కనిపిస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో ఆటోజెన్ అనేది నేల చిత్రం మీద ఇళ్ళనూ చెట్లనూ తనంతట తానే నాటే ఏర్పాటు. దాన్ని ఒక మెట్టు తగ్గిస్తే ప్రాసెసర్ మీది బరువు గణనీయంగా తగ్గుతుంది. రోడ్ల మీద కార్లు, ఆకాశంలో ఇతర విమానాలు కూడా ఒక్కొక్కటి గణించవలసినవే కనుక అవి ప్రాసెసర్ పద్దులోకి వస్తాయి. నీటి మీది ప్రతిఫలనాలు, కాంతి మెరుపులు గ్రాఫిక్స్ కార్డు పద్దులోకి వస్తాయి. ఈ రెండు పద్దులను వేరుచేసి చూడగలిగినవాడికి ఏ హంగును వదులుకుంటే ఏ భాగానికి ఊపిరి ఆడుతుందో తెలుస్తుంది. వేరుచేయనివాడు అన్నిటినీ ఒకేసారి తగ్గించి, అవసరం లేని త్యాగం చేస్తాడు. ఫ్రేమ్ రేటుకు పై హద్దు పెట్టడం మరొక పద్ధతి. యంత్రం 60 ఫ్రేములు గీయగలిగిన క్షణంలో కూడా 25 దగ్గర ఆపితే, మిగిలిన కాలం రాబోయే నేల చిత్రాలను ముందుగా దించుకోవడానికి చిక్కుతుంది. సగటు తగ్గినా కుదుపులు పోతాయి, కంటికి నిలకడే వేగంగా తోస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ డాట్ సీఎఫ్‌జీ అనే అమరిక ఫైలులో ఒక పంక్తి చేర్చి గ్రాఫిక్స్ జ్ఞాపకశక్తి సమస్యను నివారించడం వంటి చిట్కాలను వాడుకరులే కనిపెట్టారు. 2014 డిసెంబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం ద్వారా మళ్ళీ విడుదలైన కూర్పులో ఆ పంక్తిని అధికారికంగానే చేర్చారు. ఎంత ర్యామ్ కొన్నా దాటలేని గోడ కూడా ఒకటి ఉంది: 32 బిట్ల ప్రోగ్రాము కావడం వల్ల అది 4 గిగాబైట్లకు మించి వాడుకోలేదు, బరువైన విమానాన్నీ వివరమైన నగరాన్నీ ఒకేసారి తెరిస్తే గమ్యం చేరేలోగా జ్ఞాపకశక్తి చాలక ఆగిపోతుంది.

దృశ్యాన్ని తగ్గించుకోవడాన్ని పేదరికానికి గుర్తుగా చూసే అలవాటు ఉంది, అది సరైన చూపు కాదు. లింక్ యంత్రంలో మూత కింద కూర్చున్న శిక్షణార్థికి బయటి లోకం ఏమీ కనిపించలేదు. అయినా దిక్సూచిని, ఎత్తు చూపే పరికరాన్ని, ఒరుగుదల చూపే పరికరాన్ని వరుసగా చదివే క్రమశిక్షణ అతడికి అక్కడే అలవడింది. ఇంటి సిమ్యులేటర్‌లోనూ నేర్చుకోదగినది ఎక్కువగా పరికరాల పలక మీదనే ఉంది, దాన్ని గీయడం యంత్రానికి నేలను గీయడమంత భారం కాదు. పైగా నేల దృశ్యం ఎంత వివరంగా ఉన్నా అది నమ్మదగినది కావాలని లేదు: ఎఫ్‌ఎస్‌ఎక్స్ చూపిన మీనంబాక్కం దాని విడుదల నాటిది, అడయారు నది మీద వంతెన కట్టి రెండో రన్‌వేను పొడిగించిన తరువాతి విమానాశ్రయం అందులో లేదు. పొగమంచు కమ్మిన ఉదయాన్ని ఎంచుకుని, ఆటోజెన్‌ను పూర్తిగా మూసి, రన్‌వే నుంచి వచ్చే రేడియో సంకేతాన్ని పట్టుకుని దిగే అభ్యాసం పదేళ్ళ పాత యంత్రం మీద కూడా నిలకడైన ఫ్రేమ్ రేటుతో సాగుతుంది, శిక్షణగా అది ఎండ వేళ నగరం మీద విహరించడం కంటె విలువైనది. ఇంటి కంప్యూటర్ మీద గడిపిన గంటలు పౌర విమానయాన డైరెక్టరేట్ ఇచ్చే లైసెన్సు లెక్కలోకి రావు. ఆమోదం పొందిన శిక్షణ యంత్రాల గంటలకే ఆ గుర్తింపు. అయినా పరికరాలు చదివే అలవాటు చేసుకున్నవాడు శిక్షణకు చేరిన రోజున కొంత దూరం ముందే నడిచి ఉంటాడు.

2009 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన సిమ్యులేటర్ బృందాన్ని మూసివేయడంతో ఎఫ్‌ఎస్‌ఎక్స్ దాదాపు పదకొండేళ్ళ పాటు ఆ పరంపరలో చివరి పెద్ద కూర్పుగా మిగిలింది. ఇది పాత కంప్యూటర్లకు అనుకోని వరమైంది, ఎందుకంటే ప్రోగ్రాము కదలకుండా నిలిచిపోగా సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్లు ఏటేటా చౌకవుతూ దాన్ని అందుకున్నాయి. ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్ళకోసారి మార్చేసే కార్యాలయ యంత్రాలు వందల సంఖ్యలో మార్కెట్టుకు చేరి, కొద్దిపాటి గ్రాఫిక్స్ కార్డు తోడైతే చాలు, 2006 నాటి ఖరీదైన యంత్రం చేయలేకపోయిన పనిని చేసిపెట్టాయి. 2012 మేలో అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు పాత సామగ్రిని సేకరించి శాస్త్రీయంగా విడదీయాలని ఆదేశించాయి. అయితే యంత్రాన్ని విడదీయడానికి ముందు దాన్ని మరో అయిదేళ్ళు వాడుకలో ఉంచడం అన్నిటికంటె మేలైన వ్యర్థ నిర్వహణ, ఆ పనిని మరమ్మతు చేసేవారు ఏ ఆదేశమూ లేకుండానే చేస్తూ వచ్చారు.

2020 ఆగస్టులో వచ్చిన కొత్త సిమ్యులేటర్ ఈ లెక్కలను మళ్ళీ తలకిందులు చేసింది. భూగోళమంతటి ఉపగ్రహ చిత్రాలను మైక్రోసాఫ్ట్ సర్వర్ల నుంచి ఎగురుతుండగానే దించుకునే ఆ ప్రోగ్రాముకు 150 గిగాబైట్ల చోటు, 8 గిగాబైట్ల ర్యామ్, కనీసం 5 మెగాబిట్ల ఇంటర్నెట్ వేగం కావాలి; దృశ్యాన్ని తగ్గించుకునే స్వేచ్ఛ ఉన్నా, యంత్రంతో పాటు ఇంటర్నెట్ వేగం కూడా లెక్కలోకి వచ్చింది. తిరిగే పళ్ళెం గల హార్డ్ డిస్కు స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ బిగించడం ఈ దశలో పాత యంత్రానికి దొరికిన మంచి మందు, కాని అది ప్రోగ్రాము తెరుచుకునే కాలాన్నీ కుదుపులనూ తగ్గిస్తుందే గాని ఫ్రేమ్ రేటును పెంచదని కొనేవారికి ముందే చెప్పడం నిజాయితీ గల దుకాణదారుడి ధర్మం. 2014 నాటి ఇంటెల్ ఐ5–4460 ప్రాసెసర్‌ను మైక్రోసాఫ్ట్ తన కొత్త సిమ్యులేటర్‌కు కనీస ప్రమాణంగా ప్రకటించింది. 2021లో అదే సంస్థ విడుదల చేసిన విండోస్ 11కు ఆ ప్రాసెసర్ అర్హత పొందలేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసిన తరువాత, విమానం నడపగల శక్తి ఉండి కూడా సంస్థ మద్దతు గల విండోస్ లేని యంత్రాలు పెద్ద సంఖ్యలో మిగిలాయి. వాటి మీద ఉచితమైన లినక్స్ వ్యవస్థను ఎక్కించి, 1997 నుంచి స్వచ్ఛంద సేవకులు పెంచుతూ వచ్చిన ఫ్లైట్‌గేర్ అనే స్వేచ్ఛా సిమ్యులేటర్‌ను నడపవచ్చు. దాని దృశ్యాలు సాదావి, దాని విమాన గణన గంభీరమైనది, అవసరమైన ఫైళ్ళను ఒకసారి దించుకుంటే తరువాత ఇంటర్నెట్ లేకుండానే మీనంబాక్కం రన్‌వే మీద విమానం సిద్ధంగా నిలుస్తుంది.